మద్రాసులో తినడం, తిరగడం, పాత సినిమా జ్ఞాపకాలు వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్నప్పుడు చందమామ చేతికొస్తే నేను బేతాళ కథ కంటే ముందు లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్న అడ్రసు చదివేవాణ్ణి: చందమామ బిల్డింగ్స్, వడపళని, మద్రాసు. సినిమాకు వెళ్తే టైటిల్స్‌లో వాహినీ స్టూడియో అని పడేది. అదీ మద్రాసే. అలా చూడకముందే ఆ ఊరు నాకు సొంత ఊరైపోయింది. తర్వాత పని మీద, ఏ పనీ లేకుండా కూడా, చాలాసార్లు వెళ్లాను. వెళ్లబోయే స్నేహితులు, చుట్టాలు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు, వాళ్లకు నేను చెప్పిన జవాబులు ఇవి.

మద్రాసు అనాలా, చెన్నై అనాలా?

1996లో అధికారికంగా చెన్నై అయింది. టికెట్ మీద, బోర్డుల మీద అంతా చెన్నై. కానీ మన పెద్దవాళ్ల నోట్లో అది చెన్నపట్నం, లేదంటే పట్నం. ఆ పేరులోనే మన వాసన ఉంది. 1639లో ఈస్టిండియా కంపెనీకి సముద్రపు ఒడ్డున స్థలం ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం అనే పేరు వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. పాత సినిమాల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం నా నోటికి మద్రాసే వస్తుంది. ఇక్కడా అలాగే రాస్తాను.

పాత తెలుగు సినిమా ఆనవాళ్లు ఇప్పుడు ఏం మిగిలాయి?

ముందే చెబుతున్నాను, మీరు ఊహించుకున్న ఫ్లోర్లు, సెట్లు కనపడవు. వడపళనిలో వాహినీ స్టూడియో ఉండేది. బి.ఎన్. రెడ్డి, మూలా నారాయణస్వామి మొదలుపెట్టిన ఆ స్టూడియో తర్వాత బి. నాగిరెడ్డి గారి చేతికి వచ్చి విజయా వాహిని అయింది. ఆసియాలోనే పెద్ద స్టూడియో అని గొప్పగా చెప్పుకునేవారు. 1957లో వచ్చిన మాయాబజార్ తయారైంది అక్కడే. ఇవాళ ఆ స్థలంలో ఒకవైపు విజయా హాస్పిటల్, ఇంకోవైపు 2013లో తెరిచిన పెద్ద షాపింగ్ మాల్ ఉన్నాయి. మాల్ పేరులో విజయ అనే మాట మిగిలింది.

అలాగని వెళ్లొద్దని అనను. ఆర్కాట్ రోడ్డు మీద ఆ మాల్ ఎదురుగా ఒక్క ఐదు నిమిషాలు నిలబడండి. ఘటోత్కచుడు 'వివాహ భోజనంబు' అంటూ లడ్డూలు మింగిన నేల అది. తెలిసి నిలబడితే ఒళ్లు పులకరిస్తుంది, తెలియకపోతే మామూలు ట్రాఫిక్ జంక్షన్.

అక్కడికి దగ్గర్లోనే ఏవీఎం. గేటు దగ్గర తిరిగే గోళం ఉంటుంది. ఫొటో దిగని తెలుగువాణ్ణి నేను చూడలేదు. 2023లో ఏవీఎం వాళ్లు పాత కార్లు, కెమెరాలు, షూటింగ్ సామాన్లతో ఒక మ్యూజియం కూడా తెరిచారు. పెద్దవాళ్లను తీసుకెళ్తే అక్కడ కనీసం రెండు గంటలు పెట్టుకోండి. కార్ల దగ్గర మగవాళ్లు కదలరు.

జెమినీ స్టూడియో కూడా పోయింది. కానీ మౌంట్ రోడ్డులో 1973లో కట్టిన ఫ్లైఓవర్‌ను అధికారికంగా అన్నా ఫ్లైఓవర్ అన్నా, ఊరంతా ఇంకా జెమినీ అనే పిలుస్తుంది. ఆటో ఆయనకు జెమినీ అంటే చాలు. స్టూడియో పోయి ఇన్నేళ్లయినా పేరు జనం నాలుక మీద బతికే ఉంది. అదే రోడ్డులో ఎల్ఐసీ బిల్డింగ్ ఉంది, 1959లో కట్టింది. పాత సినిమాల్లో పల్లెటూరి హీరో మద్రాసులో దిగాడని చెప్పాలంటే సెంట్రల్ స్టేషన్ గడియారం, తర్వాత ఈ బిల్డింగ్ చూపిస్తే సరిపోయేది.

ఎన్టీఆర్, సావిత్రి ఇళ్లు చూడొచ్చా?

త్యాగరాయ నగర్‌లో, అదే టీనగర్‌లో, బజుల్లా రోడ్డులో ఎన్టీ రామారావు గారి ఇల్లు. ఒకప్పుడు తిరుపతి యాత్ర బస్సులు అక్కడ దాకా వచ్చి ఆగేవి. కొండ మీద వేంకటేశ్వరస్వామిని చూసి, గుండ్లు చేయించుకుని, అటునుంచి అటే తెర మీద వేంకటేశ్వరుణ్ణి చూడటానికి మద్రాసు వచ్చేవారు. ఆయన పొద్దున్నే బయటికి వచ్చి అందరికీ నమస్కారం పెట్టి పలకరించేవారు. మా ఊళ్లో ఆ బస్సులో వెళ్లొచ్చిన ముసలమ్మ ఒకావిడ ఆ కథను బతికున్నంత కాలం చెప్పింది.

సావిత్రి గారి ఇల్లు దగ్గర్లోనే హబీబుల్లా రోడ్డులో. ఇవన్నీ మ్యూజియంలు కావు. వీధిలో నడుస్తూ చూడండి, అంతే. గేటు కొట్టొద్దు, లోపలికి కెమెరా పెట్టొద్దు.

బాలు గారి అభిమానులకు ఒక మాట. నుంగంబాక్కంలో ఆయన ఉన్న కామదార్ నగర్ మెయిన్ రోడ్డుకు ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. ఆ బోర్డు కింద నిలబడి ఫోన్‌లో ఒక పాట పెట్టుకుని వినండి, ఎవరూ ఏమీ అనరు.

చందమామ ఆఫీసు ఉందా?

లేదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన పత్రిక, చాలా భాషల్లో వెలిగి, 2010 దాటాక ఆగిపోయింది. కొడవటిగంటి కుటుంబరావు గారు దాని వెనక కూర్చున్న ఊరు, చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య బొమ్మలు అచ్చయిన ఊరు ఇదే. కానీ వడపళనిలో ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదు.

పాత సంచికలు దొరుకుతాయా అని కూడా అడుగుతారు. ఒకప్పుడైతే సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్‌లో గుట్టలుగా దొరికేవి. పాత పుస్తకాలకు, గ్రామఫోన్ రికార్డులకు అది పెట్టింది పేరు. 1985లో కాలిపోయింది. సబర్బన్ రైళ్లు ఆగే చోటును ఇప్పటికీ మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే అంటారు. పేరైనా మిగిలింది.

టిఫిన్‌తో మొదలుపెట్టాలంటే ఎక్కడికి వెళ్లాలి?

పొద్దున ఆరున్నరకల్లా మైలాపూర్ చేరండి. కపాలీశ్వర గుడి చుట్టూ మాడ వీధుల్లో పూలమ్మే వాళ్లు మల్లెలు మాల కడుతుంటారు. కాఫీ గింజలు వేయించే వాసన ఒక వీధి ముందే తగులుతుంది. కచేరి రోడ్డు పక్క సందులో రాయర్ మెస్ ఉంది. కొద్ది బల్లలే, బయట నిలబడి ఎదురుచూడాలి. అక్కడ గారె వేడిగా వస్తే ఫొటోలు తీయకుండా తినేయండి.

ట్రిప్లికేన్‌లో రత్నా కేఫ్ 1948 నుంచి ఉంది. దాని సాంబారిడ్లీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ప్లేటులో రెండు ఇడ్లీలు పెడతారు. పెద్ద జగ్గుతో మనిషి వచ్చి ఇడ్లీ కనపడకుండా మునిగిపోయేలా సాంబారు పోస్తాడు. అక్కడ సాంబారును ఇడ్లీకి నంజుకునే పని లేదు. ఇడ్లీ అందులో నానాలి. ఒక నిమిషం ఆగి చెంచాతో విరిస్తే లోపలి దాకా సాంబారు ఎక్కి ఉంటుంది. సగం తినేసరికి జగ్గు మనిషి మళ్లీ వచ్చి అడగకుండానే పోస్తాడు. ఆ చిక్కదనం, కాస్త తీపి, ఇంగువ ఘాటు ఇంట్లో ఎన్నిసార్లు ప్రయత్నించినా నాకు రాలేదు.

తర్వాత కాఫీ. ఇత్తడి లేదా స్టీలు గ్లాసు, దాని కింద అంచులున్న గిన్నె. గిన్నెలోకి ఒంపి మళ్లీ గ్లాసులోకి తిప్పుకుంటే నురగ వస్తుంది, తాగే వేడికి దిగుతుంది. చక్కెర తక్కువ కావాలంటే ముందే చెప్పాలి. ఎండ ఎక్కాక మైలాపూర్ గుడి దగ్గర కాళత్తి పేపర్ కొట్టులో రోజ్ మిల్క్ తాగండి. పేపర్లు అమ్మే కొట్టు పాల వల్ల ప్రసిద్ధి కావడం ఆ ఊళ్లోనే జరుగుతుంది.

మన టిఫిన్‌కీ అక్కడి టిఫిన్‌కీ తేడా ఏమిటి? కారం సరిపోతుందా?

సరిపోదు. గుంటూరు, నెల్లూరు నాలుకకు చట్నీ చప్పగా అనిపిస్తుంది. పల్లీ చట్నీ, అల్లం పచ్చడి కోసం వెతక్కండి. పెసరట్టు కూడా వెతక్కండి. అక్కడి బలం వేరే: నువ్వుల నూనె వేసిన పొడి, పొంగల్‌లో మిరియం, రసం. ఘాటు కావాలంటే సైదాపేట వడకర్రీ అడగండి. పప్పు వడల్ని చిదిమి మసాలా కూరగా వండుతారు, దోసెతో నంజుకుంటారు. మనకు బాగా నచ్చే తిండి అది.

రెండో రోజుకే ఇంటి భోజనం మీద మనసు పోతే ఆంధ్రా మెస్సులకు కొదవ లేదు. పప్పుపొడి, నెయ్యి, గోంగూర కోసం అక్కడి తమిళులే క్యూ కడతారు. చూస్తే ముచ్చటేస్తుంది.

కైయేంది భవన్ అనే హోటల్ ఎక్కడుంది?

ప్రతి వీధిలో ఉంది. అది ఒక హోటల్ పేరు కాదు. తోపుడు బండి దగ్గర ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడి తినే చోట్లన్నిటికీ మద్రాసువాళ్లు ప్రేమగా పెట్టుకున్న పేరు. కై అంటే చెయ్యి. పెద్ద హోటళ్ల పేర్ల చివర భవన్ ఉంటుంది కదా, ఇదీ ఒక భవనమే అన్నమాట. రాత్రి ఎనిమిది దాటాక పెనం మీద రెండు ఇనప రేకులతో పరోటాను లయగా ముక్కలు కొట్టే చప్పుడు వినిపిస్తే అది కొత్తు పరోటా. ఆ చప్పుడును బట్టే బండి ఎక్కడుందో పట్టుకోవచ్చు. జనం ఎక్కువగా ఉన్న బండి దగ్గర తినండి, నీళ్లు మాత్రం మీ సీసావే తాగండి.

అత్తో అంటే ఏమిటి? అందరూ అదే చెబుతున్నారు.

చెప్పాల్సిందే. మద్రాసులో నాకు అన్నిటికంటే ఇష్టమైన చిరుతిండి. బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజార్ వెనక వీధుల్లో సాయంత్రం బళ్లు పెడతారు. 1960లలో బర్మాలో పరిస్థితులు మారి మనవాళ్లను వెళ్లగొట్టినప్పుడు ఓడలెక్కి తిరిగొచ్చిన కుటుంబాలు బతుకుతెరువుగా తెచ్చుకున్న వంట ఇది. మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి కూడా ఎన్నో కుటుంబాలు రంగూన్ వెళ్లాయి. 'రంగం పోయాడు' అనే మాట ఆ జిల్లాల్లో తాతల కాలం నుంచీ ఉంది. అందుకే ఆ బండి ముందు నిలబడితే అది పరాయి తిండిగా అనిపించదు.

ఎలా చేస్తారో దగ్గరగా చూడండి. బండి మీద నారింజ రంగు లావుపాటి నూడుల్స్ కుప్ప. పెద్ద గిన్నెలోకి ఒక పిడికెడు వేస్తాడు. దాని మీద సన్నగా తరిగిన క్యాబేజీ, ఎర్రగా వేయించిన ఉల్లి, వెల్లుల్లి నూనె, చింతపండు నీళ్లు, ఎండుమిర్చి పొడి, ఉప్పు. కరకరలాడే అప్పచ్చిని పిడికిట్లో నలిపి పైన జల్లుతాడు. అంతా చేత్తోనే కలుపుతాడు. గరిటె వాడడు. బర్మా భాషలో ఆ పేరుకు కలిపినది అనే అర్థం. పక్కన చిన్న గిన్నెలో వేడివేడి అరటి దూట సూపు ఇస్తారు, అది ఉచితం. అయిపోతే మళ్లీ పోస్తారు.

దాంతోపాటు గుడ్డు కూడా తినండి. ఉడికిన గుడ్డును మధ్యలో చీల్చి, లోపల వేయించిన ఉల్లి, వెల్లుల్లి, చింతపండు పులుసు, కారం కూరి ఇస్తారు. మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి. కొరికితే చొక్కా పాడవుతుంది.

హైదరాబాద్ బిర్యానీ తిన్నవాళ్లకు అక్కడి బిర్యానీ నచ్చుతుందా?

పోల్చకుండా తింటే నచ్చుతుంది. కొన్ని చోట్ల బియ్యం చిన్న గింజ, సీరగ సాంబా. పక్కన వంకాయ కూర, పెరుగు పచ్చడి. ట్రిప్లికేన్ పెద్ద మసీదు వైపు వెళ్తే బాగుంటుంది. మౌంట్ రోడ్డులో 1951లో పెట్టిన బుహారీ హోటల్ ఉంది. చికెన్ 65 పుట్టింది అక్కడేనని, 1965లో మెనూలోకి ఎక్కింది కాబట్టి ఆ పేరని వాళ్లు చెబుతారు. మన పెళ్లిళ్లలో, బార్లలో ఇంతగా కలిసిపోయిన వంటకం పుట్టిన చోట ఒక ప్లేటు తినాలి కదా.

మెరీనా బీచ్‌లో ఏం చేయాలి?

నడవాలి, సుండల్ తినాలి. ఉడికించిన బఠానీలు, పచ్చి మామిడి ముక్కలు, కొబ్బరి, తాలింపు కలిపి కాగితం పొట్లంలో ఇస్తారు. మిరపకాయ బజ్జీ ఉంటుంది కానీ మన బజ్జీలా లోపల వాము, చింతపండు ఉండవు. లైట్‌హౌస్‌కు లిఫ్ట్ ఉంది, పైనుంచి ఊరు మొత్తం కనిపిస్తుంది. సముద్రంలోకి మాత్రం దిగొద్దు. అలలు లాగేస్తాయి, ప్రతి ఏడాదీ ప్రాణాలు పోతున్నాయి. పిల్లల చెయ్యి వదలకండి.

తెలుగువాళ్లు తప్పకుండా చూడాల్సిన చోట్లు ఏవి?

నా లెక్కలో మూడు. మొదటిది ఎగ్మూర్ మ్యూజియం. 1851 నాటిది, శుక్రవారం సెలవు. అమరావతి స్తూపం సున్నపురాతి పలకలు పెద్ద సంఖ్యలో ఉన్నది ఇక్కడే. ఇంకో పెద్ద భాగం లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పాత గుంటూరు జిల్లా నేల మీద ఎవరో చేత్తో చెక్కిన ఏనుగును, ఆ ఏనుగు చుట్టూ ఉన్న మనుషుల్ని అడుగు దూరంలో నిలబడి చూడొచ్చు. చాలామంది డైనోసార్ బొమ్మ, కంచు విగ్రహాలు చూసి వచ్చేస్తారు. దయచేసి ఈ గదికి వెళ్లకుండా రాకండి.

రెండోది రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం. బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో 1952 అక్టోబర్ 19న దీక్ష మొదలుపెట్టి, డిసెంబర్ 15 రాత్రి ప్రాణం వదిలారు. ఆ తర్వాత 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మైలాపూర్‌లో టిఫిన్ చేసి అటు నుంచి పది నిమిషాల్లో వెళ్లొచ్చు. ఎప్పుడు వెళ్లినా అక్కడ జనం ఉండరు, అది నాకు బాధ.

మూడోది టీనగర్ పానగల్ పార్కు. చీరల షాపింగ్‌కు వచ్చి దాని పక్కనుంచే వెళ్తాం. శ్రీకాళహస్తిలో పుట్టి, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ఫస్ట్ మినిస్టర్‌గా, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవిలో ఉన్న పానగల్ రాజా, పానగంటి రామరాయణింగారి పేరు అది. ఆ పేట పేరు కూడా పిట్టి త్యాగరాయ చెట్టి గారిదే. షాపింగ్ సంచులు కింద పెట్టి ఆ చెట్ల కింద ఒక అరగంట కూర్చోండి.

తమిళం రాకపోతే ఇబ్బందా?

పెద్ద ఇబ్బంది లేదు. పాత పేటల్లో తెలుగు అర్థమయ్యేవాళ్లు బాగానే ఉన్నారు. హోటల్లో నాలుగు మాటలు తెలిస్తే చాలు: తణ్ణి అంటే నీళ్లు, మోర్ అంటే మజ్జిగ, తయిర్ అంటే పెరుగు, కొంజం అంటే కొంచెం. ఒక మాట దగ్గర జాగ్రత్త. వడ్డిస్తుంటే 'పోదుం' అనాలి, చాలు అని అర్థం. మన చెవికి అది 'పోదాం' లాగా వినిపిస్తుంది. పక్కన కూర్చున్న తమిళాయన పోదుం పోదుం అంటుంటే మా చిన్నాన్న సగం భోజనంలో చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఎలా వెళ్లాలి, ఊళ్లో ఎలా తిరగాలి?

విజయవాడ నుంచి పినాకినీ, తిరుపతి నుంచి సప్తగిరి ఉన్నాయి. సూళ్లూరుపేట నుంచైతే లోకల్ రైలే ఉంది. ఊళ్లో మెట్రో వాడండి. సెంట్రల్ నుంచి గ్రీన్ లైన్ ఎగ్మూర్ మీదుగా వడపళని వెళ్తుంది, బ్లూ లైన్ మౌంట్ రోడ్డు కిందుగా వెళ్తుంది. మైలాపూర్, ట్రిప్లికేన్, లైట్‌హౌస్‌కు బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరి వెళ్లే పైవంతెన రైలు. టీనగర్‌కు మాంబలం స్టేషన్‌లో దిగితే రంగనాథన్ వీధి జనంలోనే పడతారు, పర్సు జాగ్రత్త. ఆటో ఎక్కే ముందు యాప్‌లో రేటు చూసుకుంటే టెన్షన్ ఉండదు.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

డిసెంబర్ మధ్య నుంచి జనవరి. వానలు తగ్గుతాయి, మార్గళి, అంటే మన ధనుర్మాసం, సంగీత కచేరీలు మొదలవుతాయి. సభల్లో వినిపించేది ఎక్కువగా త్యాగరాజు కీర్తనలు, అంటే తెలుగు. తెలుగు మాట్లాడని వేలమంది కళ్లు మూసుకుని తెలుగు మాటలకు తల ఊపుతుంటే పక్కన కూర్చోవడం గొప్ప అనుభవం. కచేరీ మధ్యలో లేచి సభ క్యాంటీన్‌కు వెళ్లి అరిటాకులో తినొచ్చు. క్యాంటీన్ కోసమే వచ్చేవాళ్లూ ఉన్నారు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం. మే నెల వద్దే వద్దు.

ఒక్కరోజే ఉంది. ఏం చేయమంటారు?

పొద్దున మైలాపూర్ టిఫిన్, శ్రీరాములు గారి భవనం, అక్కణ్ణుంచి ఎగ్మూర్ మ్యూజియం. మధ్యాహ్నం మెట్రోలో వడపళని. సాయంత్రం మెరీనా, చీకటి పడ్డాక అత్తో. టీనగర్ షాపింగ్ ఇందులో కలిపితే మిగతావన్నీ పోతాయి, అందుకే కలపలేదు. తెలుగు సినిమా చూడాలనిపిస్తే మౌంట్ రోడ్డు దగ్గర క్యాసినో థియేటర్‌లో ఏముందో చూడండి. తెలుగు సినిమాలు ఆడే హాలుగా దానికి పేరుంది.

అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకుంటున్నాం. అంతా మారిపోయింది కదా, నిరాశపడతారేమో?

నాకూ ఆ భయం ఉండేది. మా నాన్నను వడపళని తీసుకెళ్లినప్పుడు మాల్ ముందు దింపి, ఇదే వాహినీ ఉన్న చోటు అని చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. కాసేపు అటూ ఇటూ చూసి, ఫుట్‌పాత్ మీద నిలబడి, ఏ సినిమా ఏ ఊళ్లో ఏ టాకీసులో చూశాడో, ఎవరితో వెళ్లాడో, టికెట్ ఎంతో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. పాతాళ భైరవి నేల టికెట్ దగ్గర మొదలై మా అమ్మతో పెళ్లయ్యాక చూసిన మొదటి సినిమా దాకా వచ్చింది. అవేవీ అంతకుముందు నేను వినలేదు. పక్కన కొట్లో రెండు కాఫీలు తెచ్చాను. ఆయన గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి తిప్పుకుంటూ చెబుతూనే ఉన్నాడు.